ఉప్పు మైదానములో పాత మోటారు సైకిలు
(సంఘ సాంస్కృతిక సమావేశమున గావించిన ప్రసంగ పాఠము)



నేటి ప్రసంగ విషయమును ఆహ్వానపత్రికలో చూచి కొందరు ఆశ్చర్యపడి యుందురు. తెలుగు సంఘములో కావ్యమును గూర్చియో, నాటకమును గూర్చియో వినుట వాడుక. మోటారు సైకిలునకును సంస్కృతికిని పొత్తేమని అడుగువారు ఉండవచ్చును. మనుష్యుడు తన చేతిలోని పనిముట్టుతో ఎట్లు మెలగునో అదియు సంస్కృతిలోని భాగమే. దసరా దినములలో కొడవలికిని, కుట్టు మిషనుకును, కారుకును కుంకుమ బొట్టు పెట్టు జాతికి ఈ మాటను విప్పి చెప్పనక్కర లేదు.

ఢిల్లీ నివాసులకు పాత బండి కథ క్రొత్తది కాదు. కరోల్ బాగ్‌లోని నాయీవాలా సందులలో నడచినవారు ఎరుగుదురు. ఒక చోట బుల్లెట్ బండి ఇంజను విప్పి యుండును. ప్రక్కన నూనె గుడ్డపై పిస్టను, వాల్వులు, స్ప్రింగులు వరుసగా పేర్చి యుండును. మేస్త్రీ చెవి యొగ్గి, వైద్యుడు నాడి చూచినట్లు, ఇంజను చప్పుడును పరీక్షించుచుండును. ఆ బండి యజమాని తండ్రి కాలము నాటిది కావచ్చును. అమ్ముటకు మనసొప్పదు, వీధిలో తిప్పుటకు చట్టమొప్పదు.

2014లో జాతీయ హరిత ట్రిబ్యునలు 15 సంవత్సరములు దాటిన వాహనములు ఢిల్లీ వీధులలో తిరుగరాదని ఉత్తర్వు చేసెను. 2018లో సుప్రీంకోర్టు రాజధాని ప్రాంతమున 15 సంవత్సరములు దాటిన పెట్రోలు బండ్లపైనను, 10 సంవత్సరములు దాటిన డీసెలు బండ్లపైనను నిషేధమును అమలుచేయవలెనని ఆదేశించెను. చలికాలమున ఈ నగరపు గాలిని పీల్చినవారెవ్వరును ఆ ఉత్తర్వుల వెనుకనున్న అవసరమును కాదనజాలరు. మరి 2021లో కేంద్ర ప్రభుత్వము మోటారు వాహనముల నియమావళిని సవరించి, 50 సంవత్సరములు దాటి, మూలరూపము చెడకుండ నిలిచిన బండిని ‘వింటేజి’ వాహనముగ గుర్తించి, ‘వి.ఏ.’ అను అక్షరములతో ప్రత్యేక సంఖ్య నిచ్చుటకు ఏర్పాటు చేసెను. క్రొత్తగా నమోదు చేయు రుసుము 20,000 రూపాయలు. అట్టి బండి ప్రదర్శనలకును, ర్యాలీలకును పోవచ్చును గాని నిత్యము వాడుటకు వీలులేదు. కాగితముపై చూచినచో 15 ఏండ్ల బండి ముసలిది, 50 ఏండ్ల బండి పూజ్యమైనది. నడుమనున్న 35 ఏండ్లలో దాని స్థానమేమో ఏ ఫైలులోను కానరాదు.

ఇంతకును పాతబడుట అనగా నేమి? ఎన్ని ఏండ్లకు ఒక వస్తువు పనికిరానిదగును? అది ఏండ్ల లెక్కయా, లేక దానిని చూచుకొను చేతుల లెక్కయా? ఈ ప్రశ్నకు న్యూజీలాండు దేశపు సామాన్యుడొకడు 41 సంవత్సరములు పాటుపడి జవాబు చెప్పెను. నేటి ప్రసంగము అతని పనిని గూర్చినది.

అతని పేరు హెర్బర్ట్ జేమ్స్ మన్రో. లోకము అతనిని బర్ట్ మన్రో అని పిలిచెను. 1899 మార్చి 25వ తేదీన, న్యూజీలాండు దక్షిణపు కొసనున్న ఇన్వర్‌కార్గిల్ పట్టణమున జన్మించెను. 1920లో అతడు ‘ఇండియన్ స్కౌట్’ అను మోటారు సైకిలును క్రొత్తగా కొనెను. పేరు విని అది మన దేశపు బండి యని పొంగిపోరాదు. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున 1901లో పుట్టిన కంపెనీ అది. అచ్చటి ఆదివాసులకు కొలంబసు నాటి పొరపాటు వలన అంటుకొనిన ‘ఇండియన్’ అను పేరునే ఆ కంపెనీ తన బండ్లకు పెట్టుకొనెను. స్కౌట్ బండిని రూపొందించినవాడు చార్లెస్ ఫ్రాంక్లిన్ అను ఐర్లండు దేశస్థుడు. దానికి రెండు సిలిండర్లు. ఇంజను పరిమాణము 600 సి.సి.; మిక్కిలి తరిమినచో గంటకు 55 మైళ్లు, అనగా 89 కిలోమీటర్లు పోగలదు. ఆ రోజులకు అది మంచి బండి.

మన్రో 1926లో ఆ బండిని విప్పుట మొదలు పెట్టెను. అటుపిమ్మట నలువది ఏండ్లకు పైగా అదే బండి. దానిని మార్చి వేరొకటి కొనలేదని కాదు. 1936 నాటి వెలోసెట్ బండి యొకటి అతనికి ఉండెను. కాని స్కౌట్‌ను మాత్రము విడువలేదు. అతడు మోటారు సైకిళ్లు అమ్ము ఉద్యోగము చేయుచు, రాత్రులు తన బండి మీద పనిచేసెడివాడు. ఒక్కొక్కప్పుడు తెల్లవార్లును పనిచేసి అట్లే ఉద్యోగమునకు పోయెడివాడు. తరువాతి కాలమున ఒక చిన్న గ్యారేజిలోనే కాపురముండెను.

ఈ శ్రమయంతయు ఏ నేల కొరకో ఇప్పుడు చెప్పవలెను.

అమెరికాలోని యూటా రాష్ట్రమున, పశ్చిమపు సరిహద్దులో, వెండోవర్ అను ఊరికి సమీపమున బొనవిల్ ఉప్పు మైదానము కలదు. హిమయుగమున అచ్చట సముద్రమువంటి సరస్సు ఉండెను. అది ఎండిపోగా మిగిలిన ఉప్పు సుమారు 30,000 ఎకరముల మేర పలకవలె పరచుకొని యున్నది. చినగంజాంలోనో, నౌపడలోనో ఉప్పు మడులు చూచిన తెలుగువారికి ఆ నేల పుట్టుక సులభముగ బోధపడును. మడిలోనికి ఉప్పునీరు పారించి ఎండకు వదలినచో అడుగున తెల్లని పొర కట్టును. బొనవిల్‌లో ఆ పనిని ప్రకృతియే యేటేట చేయును. శీతకాలమున నీరు పలుచగ నిలుచును. గాలి ఆ నీటిని అటునిటు త్రోసి ఎగుడుదిగుడులను చదును చేయును. వేసవిలో అది ఎండి గట్టిపడును. చెట్టు లేదు, గుట్ట లేదు, గోడ లేదు. మైళ్ల కొలది సూటిగా పోవుటకును, పిమ్మట మైళ్ల కొలది మెల్లగా ఆగుటకును చోటున్నది. వేగమునకు ఆగుట కూడ అవసరమని మరువరాదు.

మన దేశమున రాజస్థానములోని సాంభర్ సరస్సు ఉప్పునకు ప్రసిద్ధము. కాని అది రాజహంసలు దిగు చిత్తడినేల. 1990 నుండి అంతర్జాతీయ రక్షిత జాబితాలో నున్నది. దానిని పరుగుపందెమునకు వాడుట తగదు. కావున కథ కొరకు బొనవిల్‌నకే పోవలెను.

1949 నుండి అచ్చట ఆగస్టు మాసమున వేగవారము అను పోటీలు జరుగుచున్నవి. ఇది ఒకరి నొకరు తరుముకొను పందెము కాదు. ఒక్కొక్కరు ఒంటరిగా గడియారముతో పోరాడుదురు. ఇంజను పరిమాణమును, బండి ఆకారమును, ఇంధనమును బట్టి తరగతులు కలవు. ఒక్కసారి వేగముగ పోయినంత మాత్రమున రికార్డు కాదు. ఒక పరుగుపై మరియొక పరుగు తీసి రెండింటి సగటును లెక్కింతురు; ప్రపంచ రికార్డునకైతే రెండవ పరుగు ఎదురు దిక్కున తీయవలెను. అప్పుడు గాలి చేసిన ఉపకారమును, అపకారమును సమానమగును. సాక్ష్యము లేనిదే సంతకము చేయని ఉద్యోగులకు ఈ పద్ధతి నచ్చకమానదు.

వేగమునకు శత్రువు బరువు అని సామాన్యముగ తలంతురు. సమతలమున అసలు శత్రువు గాలి. సైకిలుపై ఎదురుగాలిలో తొక్కినవారికి ఇది అనుభవమే. వేగము రెట్టింపైనచో గాలిని త్రోయుటకు కావలసిన శక్తి రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లగును. 89 కిలోమీటర్ల బండిని 295 కిలోమీటర్లు పరుగెత్తింపవలెనన్న, ఆకారము మార్చనిచో సుమారు 36 రెట్ల శక్తి కావలెను. ఏ మేస్త్రీయు అంత శక్తిని ఆ చిన్న ఇంజనునుండి పిండజాలడు. కావున పని రెండు వైపుల జరుగవలెను: ఇంజను బలము పెరుగవలెను, గాలికి అడ్డు తగ్గవలెను.

గాలికి అడ్డు తగ్గించుటకు మనుష్యుడు ఎంతకు సిద్ధపడునో 1948 సెప్టెంబరు 13న బొనవిల్‌లో లోకము చూచెను. రోలీ ఫ్రీ అను అమెరికనుడు విన్సెంట్ బండిపై పోవుచుండగా గాలికి తోలుదుస్తులు చిరిగినవి. అతడు వానిని విప్పివేసి, ఈత లాగుతో, బండిపై బల్లివలె బోర్లపడుకొని, కాళ్లు వెనుకకు చాచి పోయెను. వేగము గంటకు 150 మైళ్లు దాటెను. ఉప్పు మీద ఆ వేగమున జారిపడినచో చర్మమేమగునో తలచుకొనిననే ఒళ్లు జలదరించును.

మన్రో వేరొక దారి పట్టెను. బండి మొత్తమును కప్పు చేప ఆకారపు కవచమును తయారుచేసికొని, దానిలో తాను ముందుకు వంగి పడుకొనెను. కవచము గాలిని మెత్తగా చీల్చి వెనుక మెత్తగా కలుపును. కాని ప్రతి ఉపకారమునకు ఒక వెల కలదు. ప్రక్కగాలి వీచినచో ఆ కవచము తెరచాప యగును. బాణమునకు ఈకలు వెనుక కట్టుటలోని కిటుకు ఇచ్చటను వర్తించును. బరువు ముందునను, గాలి ఒత్తిడి వెనుకనను ఉన్నచో బాణము సూటిగా పోవును. తారుమారైనచో గిరగిర తిరుగును. కావుననే ఇట్టి బండ్లలో కొందరు ముందు భాగమున సీసపు దిమ్మలు పెట్టుదురు. వేగము కొరకు బరువు చేర్చుట వింతగ తోచును గాని ప్రాణము నిలుపునది అదియే.

ఇక ఇంజను సంగతి. మన్రో ధనవంతుడు కాడు. భాగములను ఫ్యాక్టరీలలో చేయించుటకు శక్తి లేక, స్వయముగా చేసికొనెను. పాత డబ్బాలను మూసలుగ పెట్టి, కరిగిన లోహమును పోసి పిస్టనులు పోతపోసెను. సిలిండర్లను, ఫ్లైవీలులను తానే చేసెను. కొలత యంత్రము కొనలేక పాత చక్రపు చువ్వను కొలబద్దగ వాడెను. వాల్వులు ప్రక్కన ఉండు పాత పద్ధతిని మార్చి, పైన ఉండునట్లు ఇంజనును తిరుగ కట్టెను. 600 సి.సి. ఇంజను క్రమక్రమముగ 850కిని, పిమ్మట 950కిని పెరిగెను.

ఇట్లు చెప్పుకొని పోయిన, ప్రతి ప్రయత్నము ఫలించినదని భ్రమ కలుగును. నిజము వేరు. అతడు చేసినది పగిలెను, మరల చేసెను, అదియు పగిలెను. పాత లోహమునకు అలసట కలదు. కంటికి కానరాని వెంట్రుకవంటి బీట యొకటి ఉండును; వేయి పరుగులు సహించి, వేయిన్నొకటవ పరుగున విరుగును. పాత బండిని వేగమునకు సిద్ధము చేయువాడు మొదట నేర్వవలసినది ఏ భాగము ఎచ్చట, ఎందుకు, ఎట్లు విరిగెనో చదువుట. మన్రో తన విరిగిన పిస్టనులను, కనెక్టింగు రాడ్డులను పారవేయలేదు. గ్యారేజిలో ఒక అలమార వరుసలో పేర్చి, దానిపై ‘వేగదేవునికి నైవేద్యములు’ అని అర్థమిచ్చు మాటలు వ్రాసికొనెను. ఆయుధపూజనాడు పనిచేయుచున్న పనిముట్టునకు పూజ జరుగును. ఇతడు పనిచేయలేకపోయిన దానిని అర్పించెను. చూచువారికి అది హాస్యము. అతనికి అది గ్రంథాలయము. తప్పుల నన్నింటిని కంటి యెదుట ఉంచుకొని ప్రతిదినము పనికి కూర్చుండుట చిన్న సంగతి కాదు. కార్యాలయములలో సఫలమైన పనుల ఫైలును పైన ఉంచుదురు. విఫలమైనది బీరువా అడుగునకు చేరును.

పాత పందెపు ఇంజనులకు తెలుగువారి పొలములకును ఒక చుట్టరికము కలదు. అది ఆముదము. ‘ఏ చెట్టును లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షము’ అని దానిని చిన్నచూపు చూచుట అలవాటు. కాని వేడికి పలుచబడక, లోహమును గట్టిగ అంటిపెట్టుకొని యుండు గుణములో మొదటి కాలపు యంత్రతైలములలో ఆముదమునకు సాటి అరుదు. మొదటి ప్రపంచయుద్ధపు విమానములలో అనేకములు ఆముదముతోనే ఎగిరెను. నేటికిని ప్రసిద్ధమైన ‘కాస్ట్రాల్’ అను పేరు ఆముదపు ఆంగ్లనామము నుండియే పుట్టెను. పందెములలో వాడు మెథనాలు అను ఇంధనముతో ఆముదము చక్కగ కలియును. దోషమును లేకపోలేదు: నిలిచినచో జిగురై గట్టిపడును. కావున పరుగు ముగిసిన వెంటనే ఇంజనును విప్పి కడుగవలెను. పాలమూరు మెట్టభూములలో ఆముదము పండించిన రైతునకు, తన గింజ జాతి ఇట్టి పరుగుల వెనుక ఉండెనని ఎవ్వరును చెప్పి యుండరు.

బొనవిల్ సముద్రమట్టమునకు సుమారు 4,200 అడుగుల ఎత్తున ఉన్నది. అనగా మదనపల్లె సమీపపు హార్స్‌లీ కొండల ఎత్తు. అచ్చటి గాలి పలుచన. పలుచని గాలి బండికి అడ్డు తగ్గించును. కాని ఇంజనునకు ఊపిరియు తగ్గించును. సముద్రతీరపు ఇన్వర్‌కార్గిల్‌లో సరిగ పలికిన కార్బురేటరు ఇచ్చట పొగ చిమ్మును. దాని జెట్టును మార్చి ఇంధనమును తగ్గింపవలెను. మితిమీరి తగ్గించినచో పిస్టను కరగును. ఎంత తగ్గింపవలెనో తెలిసికొనుటకు ఒక పాత ఉపాయము కలదు. పూర్తి వేగమున పోవుచు ఒక్కసారిగ ఇంజనును ఆపి, స్పార్కు ప్లగ్గును ఊడదీసి దాని రంగు చూతురు. నల్లగ మసిబారినచో ఇంధనము ఎక్కువ. తెల్లగ బూడిదవలె ఉన్నచో తక్కువ. లేత గోధుమ వన్నె ఉన్నచో సరి. కరోల్ బాగ్ మేస్త్రీకిని ఈ విద్య తెలియును.

ఉప్పు చూచుటకు మంచువలె ఉన్నను, పట్టులో తడి మట్టికి దగ్గర. వెనుక చక్రము నిలుకడ లేక గిరగిర తిరుగును. బండి పోవుచున్న దానికంటె చక్రమే ఎక్కువ తిరుగును. కావున శక్తిని ఒక్కసారిగ వదలరాదు, కొద్దికొద్దిగ పెంచవలెను. వెనుక చక్రమునకు పళ్ల చక్రమును మార్చి, ఇంజను ఒక్క చుట్టుకు బండి ఎక్కువ దూరము పోవునట్లు చేయుదురు. అందువలన బండి తనంతట తాను బయలుదేరలేదు. ఇతరులు పట్టి త్రోయవలెను. టైరు సంగతి మరియు సున్నితము. మహావేగమున టైరు బయటికి ఉబ్బి, పై పొర ఊడిపోవును. మన్రో వంటింటి కత్తితో టైరు పైనున్న గాళ్లను నున్నగ చెక్కివేసెను. చెక్కిన పలుచని రబ్బరుపైననే అతని ప్రాణము ఆధారపడి యుండెను.

నేటి పోటీలలో బండి ఉప్పు మీద అడుగిడుటకు ముందు పరీక్షకులు ప్రతి భాగమును చూతురు. గాజు దీపములు తీసివేయవలెను. నూనె మరలు కంపనమునకు వదులు కాకుండ సన్నని తీగతో బిగింపవలెను. గొలుసునకు కాపు ఉండవలెను. హాండిలు ఊగకుండ అదుపు సాధనము ఉండవలెను. నడుపువాని చేతికి కట్టిన త్రాడు, అతడు పడినంతనే ఇంజనును ఆపవలెను. ఇవి యన్నియు ఎవరో ఒకరు పడిన తరువాత వ్రాసిన నియమములు. నియమావళి చదువుటకు విసుగు కలిగినవారు ఈ మాట జ్ఞాపకముంచుకొనుట మంచిది.

మన్రో మొదటిసారి బొనవిల్‌నకు పోయినది చూచుటకు మాత్రమే. పిమ్మట తొమ్మిదిసార్లు పోటీకి పోయెను. 1962లో 850 సి.సి. ఇంజనుతో, 883 సి.సి. తరగతిలో గంటకు 178.95 మైళ్ల వేగమున రికార్డు స్థాపించెను. అప్పటికి అతని వయస్సు 63. అప్పటికే గుండె జబ్బు బయటపడి యుండెను. 1966లో 1000 సి.సి. తరగతిలో 168.07 మైళ్లు. 1967లో, 68 ఏండ్ల వయస్సున, 47 ఏండ్ల వయస్సుగల బండిపై, 950 సి.సి. ఇంజనుతో 183.59 మైళ్లు, అనగా 295 కిలోమీటర్లు. అర్హత పరుగున ఒక దిక్కుగ 190.07 మైళ్ల వేగము కూడ నమోదయ్యెను.

ఆ 1967లోనే ఒక పరుగున బండి సగము దారి దాటిన పిమ్మట ఊగుట మొదలిడెను. వేగము తగ్గించుటకు అతడు పడుకొన్న చోటనుండి లేచి కూర్చుండెను. గాలి కండ్లద్దములను ఊడబెరికినది. కన్ను కానరాలేదు. దారి చూపు నల్లగీతను విడిచి బహుదూరము ప్రక్కకు పోయి, ఇనుప గుంజ నొకదానిని అంగుళముల తేడాతో తప్పించుకొనెను. తుదకు బండిని ప్రక్కకు పడవేసి బయటపడెను. గీతలు మాత్రమే తగిలినవని తరువాత తేలికగ చెప్పుకొనెను. ఇట్టి సాహసమును అందరును మెచ్చనక్కర లేదు. ఇంటివారి తట్టునుండి చూచినచో ఇది పెద్ద తప్పుగనే తోచును. కాని అతడు ఆ ఉప్పుపై ఊహించి దూకలేదు. 41 సంవత్సరములు దాని కొరకే సిద్ధమయ్యెను.

ఇచ్చట చిన్న లెక్క చూడదగినది. గంటకు 183 మైళ్ల వేగమున ఒక మైలు దాటుటకు 20 సెకన్లు పట్టదు. రెండు పరుగులకు కలిపి 40 సెకన్లు. 1926 నుండి 1967 వరకు జరిగిన పనికి పరీక్ష 40 సెకన్లు. వేగము ఉప్పు మీద పుట్టినది కాదు. అది ఇన్వర్‌కార్గిల్ గ్యారేజిలో, ఆకురాయి రాపిడిలో, చల్లారిన పోతలో, విరిగిన రాడ్డుల వరుసలో ఏండ్ల తరబడి మెల్లగా పుట్టెను. ‘నిదానమే ప్రధానము’ అను సామెతను వేగమునకు విరుద్ధమని తలంచువారు ఈ 40 సెకన్లను ఒకమారు తలచుకొనవలెను.

సచివాలయ ఉద్యోగులకు ప్రత్యేకముగ రుచించు సంగతి యొకటి మిగిలియున్నది. 1967 నాటి సగటును కట్టుటలో పొరపాటు జరిగెను. మన్రో 1978 జనవరి 6న మరణించెను. అతని కుమారుడు ఆ పాత అంకెలను చూచి పొరపాటును కనుగొని తెలుపగా, 2014లో రికార్డును 184.087 మైళ్లుగ సవరించిరి. తప్పు దొర్లిన 47 సంవత్సరములకు, మనిషి పోయిన 36 సంవత్సరములకు ఫైలు కదలెను. ఆలస్యమైనను కదలినందుకు సంతసింపవలెను. ఆ నడుమ, 2005లో, ఆంథొనీ హాప్కిన్స్ మన్రోగ నటించిన చలనచిత్రము అతని కథను లోకమంతట వ్యాపింపజేసెను.

మన దేశపు పేరు గల మరియొక బండి కూడ ఆ ఉప్పుపై పరుగెత్తినది. ఇంగ్లండులో పుట్టి 1955 నుండి మద్రాసున స్థిరపడిన రాయల్ ఎన్‌ఫీల్డు, ప్రస్తుతము గురుగ్రామమున కార్యాలయము గల ఐషర్ మోటార్సు చేతిలో నున్నది. 2018 ఆగస్టులో ఆ కంపెనీ వారి కాంటినెంటల్ జి.టి. 650 బండిని ప్రత్యేకముగ సవరించి బొనవిల్‌నకు తీసికొని పోగా, 18 ఏండ్ల కేలా రివాస్ అను యువతి దానిని గంటకు 157 మైళ్ల వేగమున నడపి తన తరగతిలో రికార్డు సాధించెను. అది పాత బండి కాదు, క్రొత్త నమూనా. దాని వెనుక కంపెనీ ఉన్నది, నిపుణులు ఉన్నారు. అది మెచ్చదగినదే. కాని ఒంటి మనుష్యుడు డబ్బాలో లోహము పోసి సాధించిన దానితో దానికి పోలిక తగదు.

ఆ మైదానము కూడ నేడు ఆరోగ్యముగ లేదు. ఉప్పు పొర పలుచబడుచున్నది. సమీపమున పొటాషు కొరకు దశాబ్దముల పాటు ఉప్పునీటిని తోడుట ఒక కారణమని పరిశీలకులు చెప్పుదురు. నేల తడిసి, పొర చెడి 2014లోను, 2015లోను, మరల 2022లోను వేగవారము రద్దయ్యెను. పరుగెత్తినవారు ప్రతి సాయంకాలము బండిని మంచినీటితో కడిగి ఉప్పు తుడువవలెను. లేనిచో తుప్పు తినివేయును. ఏ ఉప్పు బండికి కీర్తి తెచ్చెనో ఆ ఉప్పే దానిని హరించును. ఉప్పు తిన్నవారు విశ్వాసము చూపవలెనని మన పెద్దలందురు. అచ్చటి వేగప్రియులు ఇప్పుడు ఆ నేలకు ఉప్పు తిరిగి చేర్చుమని కోరుచున్నారు.

మొదటి ప్రశ్నకు తిరిగి వచ్చుట న్యాయము. మన్రో బండిని ఢిల్లీకి తెచ్చి, 2021 నాటి నియమముల ప్రకారము వింటేజి సంఖ్య కోరినచో అది దొరకుట కష్టము. వయస్సు చాలును, కాని మూలరూపమేది? ఇంజను మారినది, ఆకారము మారినది, లోపలి భాగములు మారినవి. వీధిలో తిప్పుటకు మరి ముసలిది. నియమము తప్పని కాదు. ఇన్ని లక్షల బండ్లకు ఒక్కొక్క దానిని చూచి తీర్పు చెప్పుట ఏ కార్యాలయమునకు సాధ్యము? నియమము సగటును చూచి వ్రాయబడును. సగటునకు లొంగని బండియు, మనుష్యుడును అప్పుడప్పుడు ఉందురని మాత్రము తెలిసియుండుట మేలు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి పదవీ విరమణ వయస్సు 1998 వరకు 58, అటుపిమ్మట 60. మన్రో స్థాపించిన మూడు రికార్డులును 60 దాటిన తరువాతివే. ఈ సభలో పెన్షను కాగితములు సిద్ధపరచుకొనుచున్న వారు కొందరు ఉందురు. వారందరును మోటారు సైకిలెక్కి ఉప్పు మైదానమునకు పోవలెనని ఎవ్వరును కోరరు; ఇంటివారు అసలే ఒప్పరు. కాని ఇరువది, ముప్పది ఏండ్ల నాడు మొదలుపెట్టి, ఫైలుల క్రింద మరుగుపడిన పని యొకటి ప్రతివారికిని ఉండును. ఒకరికి వీణ, ఒకరికి నిఘంటువు, ఒకరికి ఊరి చెరువు కథ. పదవి ముగిసిన మరునాడు దానిని మొదలుపెట్టినచో ఆలస్యమగును. నేటి రాత్రి అరగంట దానికి కేటాయింపవలెను. విరిగిన ముక్కలను పారవేయక ఒక వరుసలో పేర్చుకొనవలెను.

మన్రో స్కౌట్ నేడు ఇన్వర్‌కార్గిల్‌లోని ఒక ఇనుప సామానుల దుకాణములో ప్రదర్శనకు నిలిచియున్నది. మేకులకును, సుత్తులకును వచ్చినవారు దాని ప్రక్కగ నడచిపోవుదురు. చేతి పనివాని బండికి అంతకంటె తగిన చోటు దొరకదు.